బరకం కింద మట్టి ఒడులు

మా మేనకోడలు కుండలు చెయ్యదు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళకు చెప్పీ చెప్పీ చివరికి చెప్పడం మానేసింది. మట్టి పని అంటే వాళ్ళకు కుండే. ఎండలు ముదరగానే ఎవరో ఒకరు వచ్చి, "అమ్మాయ్, మాకో నీళ్ళ కుండ చేసిపెట్టు, ఫ్రిజ్ నీళ్ళు గొంతు పట్టేస్తున్నాయి" అంటారు. చేస్తానంటుంది. చెయ్యదు. వాళ్ళు నాలుగు రోజులు చూసి బజార్లో కుండ కొనుక్కుంటారు. దాన్ని చంకనపెట్టుకుని వెళుతూ ఆమె కనిపిస్తే ఆగి, "నీకు తీరిక లేదుగా, అందుకని కొన్నాం" అని సంజాయిషీ చెప్పి మరీ వెళతారు.

ఆమె మా అక్క కూతురు. అక్కను ఇచ్చిన ఊరు వినుకొండకూ అద్దంకికీ మధ్య ఉంటుంది. అంతా నల్లరేగడి. బావ మిరప, పత్తి వేస్తాడు. ఒకప్పుడు పొగాకు కూడా వేసేవాడు. నేను చీరాలలో స్థిరపడ్డాను. పత్రికలో పని చేసినన్నాళ్ళూ అక్కవాళ్ళ ఊరికి పెళ్ళిళ్ళకే వెళ్ళాను. ఉద్యోగం అయిపోయాక మాత్రం తోచినప్పుడల్లా బస్సెక్కడం అలవాటైంది.

మేనకోడలు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సెరామిక్స్ చదివింది. తర్వాత చాలాకాలం హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఆదివారాలు మట్టి క్లాసులు చెప్పింది. వేరేవాళ్ళ స్టూడియోల్లో వేరేవాళ్ళ కప్పులకు రంగులు వేసింది. ఒక వేసవిలో సామాను సర్దుకుని ఇంటికొచ్చి, "ఇక నా పని నేను చేసుకుంటాను నాన్నా, ఇక్కడే" అంది. బావ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పొగాకు మానేశాక ఖాళీగా పడున్న బ్యారన్ తాళం తీసి ఆమె చేతికిచ్చాడు. పొగాకు ఆకు వేలాడదీసి, కింద మంట పెట్టి ఆరబెట్టే పొడవాటి ఇటుక గది అది. కిటికీలు లేవు. గుమ్మం మనిషి ఒంగి వెళ్ళేంత.

"ఆకు కాల్చినంత కాలం కాల్చాం. మట్టి కాలుస్తానంటే కాదనేదేముంది" అన్నాడు బావ నాతో. ఆ గది పక్కనే ఆమె ఇటుకలతో చిన్న బట్టీ కట్టించుకుంది. చిల్లకంపతో, పీకేసిన పత్తి కట్టెతో దాన్ని మండించేది.

మొదట్లో ఆమె చేసినవి నాకు సరిగా అర్థం కాలేదు. ఎండాకాలం చేలో నేల నెర్రెలిచ్చినట్టు పగుళ్ళున్న పలకలు చేసింది. దూది తీసేశాక చెట్టుకు మిగిలే ఎండు డొప్పలుంటాయే, గీసుకుంటే రక్తం వస్తుంది, అచ్చం అలాంటివి చేసి తీగలకు వేలాడదీసింది. "ఇవేం చేసుకుంటారే?" అని అడిగితే, "చూస్తారు మావయ్యా" అంది. నేను చూశాను. చూస్తే బాగానే ఉన్నాయి. వాటి మీద ఒక వార్త రాయమంటే ఏం రాయాలో మాత్రం నాకు తోచలేదు.

ఒడుల సంగతి అలా కాదు. అవి మొదటిసారి చూసినప్పుడే నాకు అర్థమయ్యాయి.

పత్తి తీసేటప్పుడు ఆడవాళ్ళు నడుముకు ఒక గుడ్డ కట్టుకుంటారు. పాత చీరో, ఎరువు సంచి చింపిన ముక్కో. రెండు చివర్లూ వెనక్కి ముడేసి, ముందు సంచిలా వదులుతారు. తీసిన పత్తి అందులో వేసుకుంటూ సాలు వెంట నడుస్తారు. అదే ఒడి. పొద్దున వదులుగా వేలాడే ఆ గుడ్డ ఎండెక్కేసరికి నిండి, బరువుకు సాగి, మోకాళ్ళను కొడుతూ ఉంటుంది. మేనకోడలు ఆ సాగిన ఆకారాన్ని పట్టుకుంది. ఒక్కొక్కరి ఒడి గుడ్డను అడిగి తెచ్చేది. ఆ మనిషి ఎంత బరువయ్యాక దించుతుందో అంత పత్తి కూరేది. దాన్ని బోర్లించి, పైన పల్చగా ఒత్తిన మట్టి పరిచేది. చెరువు మట్టిలో ఇటుక పొడి కలిపి, పైన మాత్రం మన నల్లరేగడి పూత. కాస్త గట్టిపడ్డాక గుడ్డా పత్తీ లాగేస్తే మట్టి ఒడి నిలబడేది. లోపల ఆ చీర నేత, వేసిన అతుకు, కుట్టిన దారం అన్నీ అచ్చుపడి ఉండేవి. పైన రేగడి పూత ఆరుతూ ఆరుతూ సన్నగా నెర్రెలిచ్చేది.

ఊళ్ళో పత్తి తీసే కూలీల ముఠాలో ఆడవాళ్ళందరి ఒడులూ అలా చేసింది. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు వాళ్ళు బ్యారన్‌కు వచ్చి చూసుకునేవాళ్ళు. నేనున్నప్పుడు కూడా ఒకసారి వచ్చారు.

"ఇది నాదే. ఈ మూల చిరుగు చూడు, మొన్న కంప తగిలి చిరిగింది."

"నాదేంటమ్మాయ్ ఇంత లావుగా చేశావ్? నా నడుం ఇంతుందా?"

"నడుం కాదే, ఒడి. నువ్వు మా అందరికంటే ముందు నింపేస్తావుగా, అందుకని లావు."

"నింపుద్ది, సగం ఆకూ అలమూ."

"ఏయ్, నోర్ముయ్. నా పత్తి చూసి మేస్త్రి ఎప్పుడన్నా ఏమన్నా అందా?"

మేస్త్రి అంటే ఆ ముఠా నడిపే ఆవిడ. ముస్లిం. ఆమె మావగారి కాలంలో వాళ్ళింట్లో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళట. ఇప్పుడామె ఆడవాళ్ళను చేలకు తీసుకెళుతుంది, తనూ కొంచెం కౌలుకు మిరప వేసుకుంటుంది. గొంతు పెద్దది. ఆ గొంతుకు బావ కూడా కాస్త వెనక్కి తగ్గుతాడు. మేనకోడలు ఆమెను పిన్నీ అని పిలుస్తుంది. ఆ రోజు ఆమె తన మట్టి ఒడి ముందు గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ కట్టుకున్నాను గాని దీన్ని ముందు నుంచి ఎప్పుడూ చూడలేదమ్మా" అంది.

హైదరాబాదులో గ్యాలరీ నడిపే ఒకావిడ ఫోటోలు చూసి, ఈ ఒడులతోనే మేనకోడలికి సొంత ప్రదర్శన పెడతానంది. అప్పటిదాకా ఆమెవి నలుగురితో కలిపి ఓ మూల పెట్టినవే. ఒక గది మొత్తం తనకే ఇవ్వడం అదే మొదలు. వేసవి ముదరకముందే తేదీ ఖాయం చేశారు. ఆ తేదీ తప్పితే ఆ గది మరొకరికి వెళుతుంది, తర్వాత ఎప్పుడనేది చెప్పలేనని ఆవిడ ముందే అంది. మేనకోడలికి నలభై దగ్గరపడుతున్నాయి. ఇంకోసారి ఆదివారం క్లాసులకు వెళ్ళలేను మావయ్యా అని నాతో ఒకసారి అంది. మామూలుగానే అంది, చేతులు కడుక్కుంటూ. ప్రదర్శనకు ముఠా మొత్తాన్నీ హైదరాబాదు తీసుకెళతానని మాటిచ్చింది. వాళ్ళు ఏ చీరలు కట్టుకోవాలో కూడా అనుకున్నారు.

బట్టీ ముట్టించే రోజు చూద్దామని నేను బయల్దేరి వెళ్ళాను. ఊరంతా ఎర్రగా ఉంది. ప్రతి కల్లంలోనూ మిరపకాయలు ఆరబోశారు. ఇంటి వెనక బావ కల్లం, దాన్నానుకుని మేస్త్రి కౌలు మిరప ఆరబోసుకున్న చిన్న కల్లం. బావ కాయల పక్కనే, పరిచిన గడ్డి మీద, మట్టి ఒడులన్నీ ఎండకు కూర్చుని ఉన్నాయి. నీడన నెలల పాటు నెమ్మదిగా ఆరినవాటికి కాల్చేముందు చివరిగా ఎండ చూపించాలట. లోపల ఏమాత్రం తడి ఉన్నా బట్టీలో పేలిపోతాయి.

ఎండిన మట్టి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. చేత్తో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. కాలిస్తేనే అది రాయిలా అవుతుంది. అప్పటిదాకా నీళ్ళు తగిలినా పోతుంది, బరువు పడినా పోతుంది. అదంతా నాకు ఆమె ఆ ఉదయమే చెప్పింది, ఒక ఒడిని రెండు అరచేతుల మీదా ఎత్తి పక్కకు జరుపుతూ.

ఆ రోజు వినుకొండ వెళ్ళాల్సిన పని పడింది. ప్యాకింగ్ పెట్టెలు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వచ్చాయని ఫోనొచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఆమె వెళ్ళేముందు తండ్రితో చెప్పింది: "మబ్బేస్తే ఒక్కోటి రెండు చేతులతో పట్టుకుని బ్యారన్లోకి చేర్చండి నాన్నా. పై అంచు పట్టుకుని ఎత్తకండి." బావ సరేనన్నాడు. ఊళ్ళో ట్రాలీ ఆటో ఉన్న కుర్రాణ్ణి మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. మేం వెళ్ళాక కోల్డ్ స్టోరేజీ నుంచి పిలుపొచ్చి బావ గుంటూరు వెళ్ళాడు. కూతురు చెప్పిన మాట ఆయనతోపాటే గుంటూరు వెళ్ళిపోయింది.

పెట్టెలు ఎక్కించుకుని వినుకొండ దాటేసరికి పడమర నల్లబడింది. గాలి లేచింది. ఆమె వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. మా అక్క ఎత్తింది. ఫోన్లో మాట్లాడితే పొలంలో మనిషిని పిలిచినట్టు మాట్లాడుతుంది అక్క. పక్కనున్న నాకు, డ్రైవర్‌కు కూడా వినిపించింది.

"అమ్మా, మబ్బేసిందా అక్కడ?"

"ఎయ్యడమేంటి, గాలి కూడా వచ్చేసింది. నువ్వేం కంగారుపడబాక. అన్నీ కప్పేశారు."

"నా ఒడులు?"

"ముందు నీవే కప్పారు. ముఠా మొత్తం వచ్చారు. మేస్త్రి దగ్గరుండి కప్పించింది. నువ్వు నెమ్మదిగా రా."

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఊపిరి వదిలింది. నేను కూడా. డ్రైవర్ మా వైపు తిరిగి, "మా ఊరి ఆడోళ్ళని ఏమనుకున్నారండీ, మబ్బు కనిపిస్తే చాలు పెళ్ళి పందిరైనా వదిలేసి కల్లానికి పరిగెడతారు" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. దారిలో టీ కొట్టు దగ్గర ఆపి టీ తాగుదామని నేనే అన్నాను. అక్కడ టీ తాగుతుండగా మొదటి చినుకులు పడ్డాయి.

టీ కొట్టు ఎదురుగా ఎవరిదో కల్లం ఉంది. ఇంటిల్లిపాదీ కాయల్ని కప్పుతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అకాల వర్షం వార్తలు ఎన్ని దిద్దానో చెప్పలేను. "కల్లాల్లో తడిసిన మిర్చి" అనే శీర్షిక మా డెస్క్‌లో కళ్ళు మూసుకుని పెట్టేవాళ్ళం. కాని వాన ముంచుకొచ్చే సమయంలో కల్లంలో ఏం జరుగుతుందో నిలబడి చూసింది తక్కువ. పరిచిన కాయల్ని అన్ని వైపుల నుంచీ మధ్యకు తోస్తారు. ఎంత దగ్గరికి తోస్తే బరకం అంత బాగా సరిపోతుంది. టార్పాలిన్ పట్టాను మా వైపు బరకం అంటారు. కుప్ప మీద బరకం కప్పి నలుగురూ నాలుగు మూలలు పట్టి బిగలాగుతారు. గాలి దూరితే లేచిపోతుంది గనుక దాని మీదా, అంచుల మీదా రాళ్ళు ఎత్తుతారు. రాళ్ళు చాలకపోతే ఎరువు బస్తాలు. ఆ ఇంటి ముసలాయన చివరికి తనే ఎక్కి కుప్ప మీద కూర్చున్నాడు. మిరపకాయకు దానివల్ల ఏమీ కాదు.

నా పక్కన మేనకోడలు కూడా అదే చూస్తోంది. గ్లాసులో టీ అలాగే ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ ఫోన్ చేసింది.

"అమ్మా, ఎలా కప్పారు?"

"ఎలా కప్పుతారే? కాయలు కప్పినట్టే."

"దగ్గరికి చేర్చారా?"

"చేర్చకపోతే బరకం ఎట్టా సరిపోద్ది? అంత దూరం దూరం పెట్టావు. అన్నీ ఒకచోట చేర్చి, ఒకదాంట్లో ఒకటి పెట్టి..."

"మీద రాళ్ళు పెట్టారా?"

"పెట్టకపోతే ఈ గాలికి ఉంటదా? మేస్త్రి తనే మోసుకొచ్చింది పాపం, ఉపాసం ఉండి కూడా. పచ్చి నీళ్ళు ముట్టలేదు పొద్దుటి నుంచి."

రంజాన్ నెల అది. వాన అక్కడ పెద్దదైనట్టుంది, ఫోన్లోనే చప్పుడు వినిపిస్తోంది.

"ఏమే, ఉన్నావా? తియ్యమంటావా ఏంటి?" అంది అక్క.

తియ్యమంటే వానకు కరిగిపోతాయి. ఉంచమంటే రాళ్ళ కింద ఉంటాయి. ఆమె నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను. ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏదైనా ఉంటుందని ఆమె చిన్నప్పటి నుంచీ అనుకుంటుంది, పేపర్లో పని చేశానని.

"వద్దులే. ఉంచండి" అని ఫోన్ పెట్టేసింది.

ఆటో ఎక్కాం. అక్కవాళ్ళ ఊరి ముందు వాగు చప్టా మీదుగా అప్పటికే నీళ్ళు పారుతున్నాయి. డ్రైవర్ ఆపేశాడు. "ఒక్క అరగంట ఆగితే తగ్గుద్దండి" అన్నాడు. ఆగాం. వెనక పెట్టెలు తడవకుండా అతను బరకం కప్పి, తాడుతో బిగించి కట్టాడు. ఖాళీ అట్టపెట్టెలు లోపలికి నొక్కుకుపోయాయి. ఆమె అది చూసి, మళ్ళీ ఊరి వైపు తిరిగింది. ఊరు ఎదురుగానే కనిపిస్తోంది. బ్యారన్ పైకప్పు కనిపిస్తోంది. నాకు ఏదైనా మాట్లాడాలనిపించి, "అన్నీ పగిలి ఉండవులేమ్మా" అన్నాను. "అవును మావయ్యా" అంది.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. వాన తగ్గి సన్నగా జల్లు పడుతోంది. వసారాలో ముఠా ఆడవాళ్ళు ముద్దగా తడిసి కూర్చుని ఉన్నారు. మేస్త్రి అప్పుడే ఉపవాసం విడిచింది. అక్క ఇచ్చిన ఖర్జూరం, నీళ్ళ గ్లాసు ముందున్నాయి. చేతులు రాళ్ళు మోసి దోక్కుపోయాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"వచ్చావా తల్లీ. ఒక్క చుక్క తడవలేదు చూసుకో నీ ఒడులు" అంది.

అది నిజమే. ఒక్క చుక్క కూడా తడవలేదు.

"మా కాయలు సగం కప్పామో లేదో, నీవి గుర్తొచ్చి ఇటొచ్చేశాం. మా కోడలు తిడతానే ఉంది. తిట్టనీలే, కాయలు మళ్ళీ ఆరతయ్ అన్నాను" అంది.

"సగం కాదు, పావు కప్పింది. అబద్ధాలు" అంది పక్కనున్నామె.

"నువ్వు లెక్క పెట్టావా?"

"పెట్టకేం. నువ్వు బరకం లాగి ఇటు తెచ్చావుగా."

అప్పుడు తెలిసింది. ఒడులు కప్పిన బరకం మేస్త్రి కల్లంలోది. తన కాయల మీద వేసినదాన్ని లాక్కొచ్చి వీటి మీద వేసింది. మేనకోడలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పిన్నీ" అంది. మేస్త్రి ఆ చేతుల్ని వదిలించుకుని, "ఛా, తడి చేతులు" అంది.

బరకం తీసి చూద్దామన్నారు వాళ్ళు. జల్లు పడుతోందిగా, రేపు తీద్దామంది మేనకోడలు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆమె కల్లంలోకి వెళ్ళలేదు. గుంటూరు నుంచి వచ్చిన బావ తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "నేనుంటే..." అని ఆపేశాడు. అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "అంత సుతారమైనవి ఎండకు పెట్టడం దేనికి మరి" అని ఎవరితోనూ కాకుండా అంది. ఏం జరిగిందో అక్కకు అప్పటికి అర్థమైపోయింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు.

తెల్లవారి ఎండ వచ్చింది. వాన తర్వాత వచ్చే ఎండకు బరకం కింద కాయలు ఉడికిపోతాయి, అందుకని ఊరంతా పొద్దున్నే బరకాలు లాగుతారు. ఒక కల్లం తర్వాత ఒక కల్లం చేసుకుంటూ ముఠా బావ కల్లానికీ వచ్చింది. ఇక ఆపడం కుదరలేదు. మేస్త్రి ఒక వైపు, మేనకోడలు ఒక వైపు రాళ్ళు దించారు. ఒక రాయి తీసినప్పుడు లోపల ఏదో సర్దుకున్న చప్పుడైంది. బరకం ఎత్తారు.

మధ్యలో ఉన్నవి ఒకదాన్లో ఒకటి దిగబడి, పెంకుల కుప్పలా ఉన్నాయి. కొన్ని పొడి అయిపోయాయి. అంచున ఉన్న ఒకటి రెండు నిలబడే ఉన్నాయి గాని పెదవులు విరిగాయి. పెంకుల లోపలి వైపు చీరల నేత తెల్లటి ఎండలో చాలా స్పష్టంగా కనిపిస్తోంది. గడ్డి మీద ఎక్కడా తడి లేదు.

ముఠాలో ఒకరిద్దరు ముందుకు ఒంగి చూశారు.

"పగిలినయ్యా?" అంది ఒకామె, కళ్ళెదుట కనిపిస్తున్నా.

"గాలికి అంతే. రాళ్ళు పెట్టబట్టి ఈ మాత్రం ఉన్నయ్, లేకపోతే ఎత్తుకుపోయేది" అంది మేస్త్రి. ఆ మాట గట్టిగానే అంది, కాని చివర్లో మేనకోడలి ముఖం వైపు చూసింది.

"అవును పిన్నీ" అంది మేనకోడలు.

"మట్టేగా. తడిపి మళ్ళీ చేసుకోవచ్చుగా?"

"చేసుకోవచ్చు."

అది కూడా నిజమే. కాల్చని మట్టిని నీళ్ళలో వేస్తే మళ్ళీ మట్టే అవుతుంది. నీడన ఆరడానికి పట్టే నెలలే ఆమె దగ్గర లేవు. ఆడవాళ్ళు కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టారు, ఎవరివి వాళ్ళు. చిరుగు అచ్చుపడిన ముక్క ఒకామెకు దొరికింది. కొంగులో కట్టుకుంటానంటే మేనకోడలు తీసుకోమంది.

ఆ మధ్యాహ్నం గ్యాలరీ ఆవిడకు ఫోన్ చేసింది. ఫోటోలు పంపమంటే పంపింది. కుప్ప, పక్కన మడిచిన బరకం, దించిన రాళ్ళు. కాసేపటికి ఆవిడే తిరిగి చేసింది. గొంతులో ఉత్సాహం. మేనకోడలు స్పీకర్ పెట్టి ఫోన్ నులక మంచం మీద ఉంచింది. నేను వినాలనుకుందేమో.

"ఇది చాలా బాగుంది. ఇలాగే పెడదాం. ముక్కలూ, ఆ టార్పాలినూ, రాళ్ళూ, అన్నీ యథాతథంగా. కాపాడబోయి పగలగొట్టడం... నువ్వు కూర్చుని ఆలోచించినా ఇంత బాగా రాదు."

"అది నేను చేసింది కాదండీ."

"అదేగా అందం. పక్కన ఆ ఆడవాళ్ళ ఫోటోలు పెద్దవి పెడదాం. ఏం జరిగిందో రెండు పేరాల్లో రాద్దాం. తేదీ మార్చక్కర్లేదు. నువ్వు ఆలోచించు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. గది ఖాళీ పోకుండా, ఈమె అవకాశం పోకుండా ఒక దారి చెప్పింది. ఆ ఫోటో నేనూ చూశాను. డెస్క్‌లో ఉంటే మొదటి పేజీకి తీసుకునేవాణ్ణి. పై నుంచి తీసింది, ఎర్ర కాయల పక్కన నల్లటి పెంకులు.

"ఏమంటావ్ మావయ్యా?" అంది.

"నీ ఇష్టం అమ్మా" అన్నాను. నిజంగానే నాకు తెలియలేదు. పెట్టమంటే ఒక తప్పు, వద్దంటే ఇంకొకటి.

బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఆవిడ పెడతానంటోందిగా, పెట్టనీ. ఎట్టాగో ఒకట్టా నీ పని నలుగురూ చూస్తారు" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు.

ఆమె లేచి బ్యారన్‌కు వెళ్ళింది. మర్నాడు కూడా అక్కడే ఉంది. రెండు పూటలా బ్యారన్లో కూర్చుని ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూసుకుంది. మూడోనాడు ఉదయం నేను పళ్ళు తోముకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది.

"వద్దని చెప్పేశాను."

నేను నోరు కడుక్కున్నాను.

"పిన్నిని తీసుకెళతానన్నాను కదా. ఆ గదిలో నిలబెట్టి ఏం చూపించను? నువ్వు రాళ్ళు పెట్టావు పిన్నీ, అందుకని పగిలాయి, అందరూ ఎంత బాగుందో అంటున్నారు అని చెప్పనా? ఇప్పటికి గాలికి పగిలాయనుకుంటోంది."

"తీసుకెళ్ళకుండా పెట్టొచ్చుగా" అన్నాను. అన్నాక, అది నా పాత ఉద్యోగం మాట్లాడిన మాట అనిపించింది.

"పెట్టొచ్చు" అంది. "ఫోటోలో ఆమె ముఖం పెద్దది చేసి గోడకు పెట్టి, ఆమెకు చెప్పకుండా."

గ్యాలరీ ఆవిడ బాధపడింది. కోప్పడలేదు. ఆ తేదీకి ఇంకొకరిని చూసుకుంటానని, మళ్ళీ ఎప్పుడైనా చూద్దామని మెసేజ్ పెట్టింది. మేనకోడలు దాన్ని నాకు చూపించి, ఫోన్ జేబులో వేసుకుని, పెంకుల్ని నీళ్ళ తొట్టిలో వేయడానికి వెళ్ళింది. ఎండిన మట్టి నీళ్ళలో పడితే బుడగలొస్తాయి. కాసేపు చిన్నగా చిటపటమంటుంది. నేత అచ్చులు ముందు మెత్తబడ్డాయి. తర్వాత అంచులు జారాయి. ఆమె చెయ్యి పెట్టి కలపలేదు, వాటంతటవి కరిగేదాకా చూస్తూ నిలబడింది.

నేను బయల్దేరే రోజు మధ్యాహ్నం మేస్త్రి కల్లానికి వెళ్ళాం, చెప్పి వద్దామని. తడిసిన కాయలు తెల్లమచ్చలు పడి తాలుగా మారాయి, మంచికాయ ధరలో సగమూ పలకవు. ఆమె, కోడలు, ఇంకో ఇద్దరు గుడ్డ పందిరి కింద కూర్చుని మంచికాయ నుంచి తాలు వేరుచేస్తున్నారు. తాలు కుప్ప మంచికాయ కుప్ప కంటే పెద్దదిగా ఉంది. కోడలు మమ్మల్ని చూసి పలకరించలేదు. మేనకోడలు చెప్పులు విప్పి మేస్త్రి పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది.

"చేతులు మండుతయ్ తల్లీ, నీకలవాటు లేదు."

"మండనీలే."

మేస్త్రి తన ముందున్న కాయల్లోంచి ఓ దోసెడు ఆమె ముందుకు తోసింది.

"అయితే మనం పట్నం ఎప్పుడెళుతున్నాం?" అంది మేస్త్రి. "పండగైపోయాక అయితే నాకు ఇబ్బంది లేదు."

"ఈసారికి లేదు పిన్నీ."

"అదేంటి?"

"వానకు పోయాయిగా."

మేస్త్రి చెయ్యి ఆగింది. మేనకోడలి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న తాలు కుప్ప వైపు చూస్తూ అడిగింది.

"వానకేనా?"

"వానకే."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో నేను చెప్పలేను. ముఖాలు చూసి ఇలాంటివి చెప్పగలనని చాలాకాలం అనుకున్నాను. "వచ్చే ఏడు మళ్ళీ చెయ్యి. నా ఒడి గుడ్డ నీ దగ్గరే ఉంచుకో" అంది.

"వచ్చే ఏడు పత్తి ఎవరేస్తున్నారత్తా? గులాబీ పురుక్కి అందరూ మానేస్తన్నారుగా" అంది కోడలు, తల ఎత్తకుండా. ఆ మధ్యాహ్నం ఆమె మాట్లాడింది అదొక్కటే.

మేనకోడలు చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ కుప్పలో వెయ్యాలో తెలియక మేస్త్రికి చూపించింది.

"తాలే. అటెయ్యి" అంది మేస్త్రి.